జీపుకు అడ్డం నిలబడిన సువార్తమ్మ

గుంటూరు పక్క నల్లపాడు పొలాల్లో మిరపకాయలు కోసే సువార్తమ్మ 1986లో చర్చి ఆడవాళ్లతో హైదరాబాదు వెళ్లింది. నగరం చివర, ఒకప్పుడు నవాబులు వేటాడిన జింకల వనం చూడబోయారు. లోపల ఎవరో పెద్దమనుషుల జీపు హారన్ కొడుతూ ఒక చూడి జింకను తరుముతోంది. ఫొటో కోసమట. జింక రొప్పుతూ ముళ్లకంపలో చిక్కుకుంది. సువార్తమ్మ పరుగెత్తుకెళ్లి జీపుకు అడ్డం నిలబడింది.

"తప్పుకోవమ్మా!" అని అరిచాడు డ్రైవరు.

"తప్పుకోను. చూడి జీవాన్ని తరమటానికి మీకు మనసెట్లా వచ్చిందయ్యా? నవాబులు పోయినా వేట పోలేదా?"

మిగతా ఆడవాళ్లూ వచ్చి ఆమె పక్కన నిలబడ్డారు. జీపు వెనక్కి తిరిగింది. జింక కంపలోంచి విడిపించుకుని చెట్లలోకి పోయింది. కాపలావాడు మాత్రం గొడవ చేశారంటూ వీళ్లనే బయటికి పంపేశాడు. గుంటూరు రైలెక్కాక కూడా సువార్తమ్మ కోపం చల్లారలేదు.