మామగారు తలూపిన ఆదివారం

బోయెదో పేటలో హిమేనా వంటింటి బల్ల సగం పాపది, సగం జోళ్ళది. ఇటు గుమ్మడికాయ ముద్ద, అటు ఆమె కుట్టే టాంగో జోళ్ళ తోలు ముక్కలు, జిగురు డబ్బా. తొమ్మిది నెలల పియాకి జిగురు వాసన పడదని హిమేనా కిటికీ తీస్తుంది, చలిగాలికి జలుబు చేస్తుందని మూస్తుంది, మళ్ళీ తీస్తుంది. రోజంతా ఆ కిటికీకి కునుకు లేదు.

భర్త లౌతారో బాందొనియోన్ వాయిస్తాడు. ఆ తిత్తుల పెట్టె ఒళ్ళో ఉంటే పాపకి చోటుండదు, పాప ఉంటే పెట్టెకి చోటుండదు. పెళ్ళికి ముందు వారానికి నాలుగు రోజులు టాంగో ఆడిన హిమేనాకి ఇప్పుడు పాలు వేడెక్కేలోపు వంటింట్లో వేసే నాలుగు అడుగులే ఆట.

అలాంటిది, ఆదివారం మధ్యాహ్నాలు హాల్లో మిలోంగా, అంటే టాంగో ఆటల కూటం, నడిపే నెలిదా ఒకరోజు కబురు పెట్టింది. "గుమ్మం పక్కన సరుకు అమ్ముకునే బల్ల ఒక్కటి ఖాళీ ఉంది. నీ జోళ్ళు వేసుకొచ్చి నలుగురిలో ఆడి చూపించు. వాద్యబృందం ఎక్కేలోపు నాకు నచ్చితే ఆ బల్ల నీది. లేదా టోపీలాయనకి ఇచ్చేస్తా."

ఎరుపు తోలు జోళ్ళు, ఏడు సెంటీమీటర్ల మడమ. హిమేనా రెండు నెలలు వాటి పనిమీదే కూర్చుంది. తీరా ఆదివారం పాపని చూస్తానన్న చెల్లెలికి జ్వరం. లౌతారో ఎలాగూ అక్కడి వాద్యబృందంతో ఉండాలి. చివరికి మామగారు ఎవరిస్తో పాపనెత్తుకుని బయలుదేరాడు, పెళ్ళినాటి కోటు తొడుక్కుని మరీ.

హాల్లో రికార్డు పాటలు మోగుతున్నాయి. ఆడవాళ్ళు ఒక వైపు, మగవాళ్ళు ఎదురు వైపు. దగ్గరికొచ్చి అడగడం ఉండదు. దూరం నుంచే అతను చూసి తలూపాలి, ఆమె తలూపాలి, అప్పుడతను లేచి రావాలి. ఒప్పుకుంటే వరసగా నాలుగు పాటలు ఆడాల్సిందే. పక్కన మగతోడున్న ఆడమనిషి వంక మాత్రం ఎవరూ చూడరు.

అరగంటైనా హిమేనా వంక ఎవరూ చూడలేదు. కారణం పక్కనే కూర్చుని పాపకి పాలసీసా పడుతోంది.

"మామయ్యా, మీరిక్కడుంటే నన్నెవరూ పిలవరు."

"ఏం, నేనేమైనా కరుస్తానా?"

"మిమ్మల్ని నా మొగుడనుకుంటున్నారు!"

ఎవరిస్తో మీసం దువ్వుకున్నాడు. "నిజంగా అనుకుంటున్నారంటావా?"

"సంతోషం తర్వాత పడుదురుగాని. పాపని తీసుకుని మగాళ్ళ వైపు వెళ్ళండి. మెడ కింద చెయ్యి పెట్టండి!"

"దీని మెడ నా మెడకన్నా గట్టిదే తల్లీ," అంటూ ఆయన హాలు దాటాడు.

అక్కడ పియా గునిసింది. ఎవరిస్తో దాన్ని మోకాళ్ళ మీద ఎగరేస్తూ, పాటకి తగ్గట్టు తల ఊపసాగాడు. ఊపుతూ ఎదుటి వరస మీదుగా దీపాల వంక చూస్తున్నాడు. చూపుందాయె, తలూపుందాయె. ఎదురుగా ముగ్గురు ఆడవాళ్ళు సిగ్గుగా తలూపి, పావడాలు సర్దుకుని లేచి నిలబడ్డారు.

సరిగ్గా అప్పుడే, ఆ హాల్లో అందరికన్నా బాగా ఆడే రామిరో హిమేనాకేసి తలూపాడు. ఆమె కూడా ఊపేసింది. రామిరో, పాపతో ఎవరిస్తో, ఒకేసారి ఆమె దగ్గరికొచ్చారు.

"అమ్మాయీ, కొంప మునిగింది. పాపని పట్టుకో. ముగ్గురికి మాటిచ్చానట!"

"నేను ఆడాలి మామయ్యా!"

"ఆ నీలంగౌనావిడ నన్ను చంపేస్తుంది!"

లేచిన ముగ్గురిలో ఒకామె, గ్రసియేలా, పరిస్థితి కనిపెట్టి చరచరా వచ్చింది. ఊరికే లేచానని పదిమందీ నవ్వితే ఎలా? "నేను లేచింది ఈ చిట్టితల్లి కోసమే!" అని గట్టిగా అంటూ పాపని లాక్కుంది. మరొకామె అందుకే లేచినట్టు చెప్పు పట్టీ బిగించుకుని కూర్చుంది. ఎవరిస్తో నీలంగౌనుకి దొరికిపోయాడు.

హిమేనా ఆడుతోందే గాని, కళ్ళు రామిరో భుజం మీదుగా పాప నోటి మీదే.

"కళ్ళు మూసుకోమ్మా, నేనున్నాగా," అన్నాడు రామిరో.

"పాప ఆవిడ ముత్యాలదండ నములుతోంది! దారం ఎంత గట్టిదో ఏమో!"

"సరే, పాప వైపే తిప్పుతా."

అతనలా తిప్పుతూనే ఉన్నాడు. వాళ్ళు ఎటు వెళ్ళినా హిమేనా మొహం పాప వైపే తిరగాలిగా మరి. ఎర్ర మడమలు నేలమీద బొంగరాల్లా గిర్రున తిరిగాయి. తల్లిబాధ ఎవరికి తెలుసు? అందరూ ఆహా అన్నారు. పాపాయి ముత్యాలు వదిలి కేరింతలు కొట్టింది, తల్లి తన కోసమే తిరుగుతోందని దానికొక్కదానికే తెలిసినట్టు. మూడో పాటకి హిమేనాకీ నవ్వు ఆగలేదు.

నాలుగో పాట అయింది. వాద్యబృందం వేదికెక్కుతోంది. నెలిదా వచ్చి, కుర్చీలో కూలబడి తన జోళ్ళు విప్పేసింది.

"ఏదీ, అవి ఇటియ్యి."

"ఇక్కడా?"

"మరి మీ ఇంటికి రమ్మంటావా?"

తొడుక్కుంది, అట్ట నేలకేసి రాసింది, ఒక చుట్టు తిరిగింది. రామిరోకి తలూపి, అతని చెయ్యి పట్టుకుని జనంలో కలిసిపోయింది.

హిమేనా చల్లటి నాపరాళ్ళ మీద వట్టికాళ్ళతో నిలబడి, గ్రసియేలా చేతుల్లోంచి పాపని తీసుకుంది. బల్ల వచ్చినట్టా, రానట్టా? ఒక చుట్టు పోయింది. రెండో చుట్టులో నెలిదా ఎదురుగా తేలి, ఆట ఆపకుండానే అరిచింది:

"బల్ల నీదే! ఇవి మాత్రం నేనివ్వను!"

వేదిక మీద లౌతారో వట్టికాళ్ళ పెళ్ళాన్ని చూసి ఒక స్వరం తప్పాడు. పక్కనున్న ఫిడేలాయన మోచేత్తో పొడిచాడు.