మా కొబ్బరితోట కింది గ్యాసు

మొన్న శుక్రవారం మధ్యాహ్నం వంట ముగించుకుని, నేను పనిచేసే ఇంటివాళ్ళు ప్రార్థన నుంచి తిరిగొచ్చేలోగా కాస్త నడుం వాలుద్దామని నా గదిలోకి వచ్చి ఫోను చూసుకుంటే, మా తమ్ముడు పంపిన వీడియో ఒకటి కనిపించింది. కోనసీమలో మా అమ్మ నా పేర రాసిచ్చిన కొబ్బరితోటలో కాయల దింపు తీస్తున్నారు. గెలలు దబదబ నేలమీద పడుతున్నాయి, ఎండుకమ్మలు ఒకపక్క పోగేస్తున్నారు. వాటి వెనకాల, పంటకాలువకి అవతల, ఒకప్పుడు గ్యాసుబావి ఉన్న చోట సిమెంటు దిమ్మ ఒక్కటే మిగిలి, దానిమీద ఒక కొంగ తీరిగ్గా నిలబడి ఉంది. "అక్కా, కంపెనీవాళ్ళు బావి మూసేసి మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయారే!" అని తమ్ముడి గొంతు. గూట్లో ఉన్న అమ్మవారి పటానికి దణ్ణం పెట్టుకుని, మంచమ్మీద కూర్చుండిపోయాను. ఆ బావి పుణ్యమా అని ఒకనాడు ఆ తోట మా చేతుల్లోంచి జారిపోబోయిన సంగతి అంతా కళ్ళముందు తిరిగింది.

ఇప్పుడైతే ఈ అరబ్బు దేశంలో మేముండే అల్ వక్రాకి మెట్రో కూడా వచ్చింది గానీ, మేమొచ్చిన కొత్తలో ఇది చేపల పడవలూ, మట్టిరంగు గోడలూ ఉన్న చిన్న ఊరు. ఒకే ఇంట్లో నాకు వంటపని, మావారికి కారు తోలే పని దొరకడం ఆ తల్లి చల్లని చూపేనని నేను ఈనాటికీ అనుకుంటాను, ఎందుకంటే అప్పట్లో చాలామంది ఆడవాళ్ళు భర్త ఒక దేశంలో, తాము ఒక దేశంలో పడి ఏడ్చేవారు. ఆ ఇంటి పెద్దావిడని పనివాళ్ళమందరం మామా అనే పిలిచేవాళ్ళం, ఇక్కడివాళ్ళ మాటలో అమ్మా అన్నట్టు. మాట కరుకు, మనసు వెన్న. నేను బడికి పోయినదాన్ని కాదు, మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చోబెట్టి పలకమీద దిద్దించిన నాలుగక్షరాలే నా చదువు. ఆవిడా అంతే, వాళ్ళ నాన్న ఇంట్లో నేర్పిందే. అందుకేనేమో మా ఇద్దరికీ కుదిరింది.

శుక్రవారం సాయంత్రం అల్ మన్సూరా పేటలో ఫోను కొట్టు ముందు వరసలో నిలబడి ఇంటికి మాట్లాడడం మాకు పండగలా ఉండేది. అలా ఒకసారి మాట్లాడినప్పుడే తమ్ముడు చెప్పాడు, మా తోట పక్క పొలంలో గ్యాసు పడిందని. కంపెనీవాళ్ళు కాలువకి అవతల ఉన్న రైతులందరి దగ్గరా భూమి లీజుకి తీసుకుని, కంకర పోసి, బావి తవ్వే రిగ్గు నిలబెట్టారట. కాలువకి ఇవతల ఉన్న మాలాంటివాళ్ళ తోటలు వాళ్ళకి అక్కర్లేకపోయాయి. అవతలి వాళ్ళకి అద్దె వస్తోంది, మనకి మాత్రం బావి దగ్గర రాత్రింబవళ్ళు మండే గ్యాసు మంట సెగే వస్తోంది, పిందెలు రాలిపోతున్నాయి అని వాడు వాపోయాడు.

తర్వాత వారం కొత్త కబురు. పట్నం నుంచి ఒక మధ్యవర్తి వచ్చి, లీజు ఇవ్వనివాళ్ళే అదృష్టవంతులని చెప్పాడట. భూమిపైన గట్లుంటాయి గానీ భూమికింద గ్యాసుకి గట్లుండవు, మీ తోట కిందిది కూడా పక్క బావిలోంచే లాగేస్తున్నారు, కాబట్టి మీకు రాయల్టీ అని వాటా రావాలి, కొన్ని దేశాల్లో ఇస్తారు, ఇక్కడా ఇప్పిస్తాను, తోటమీద సర్వహక్కులూ ఇస్తూ నా పేర పవర్ పత్రం రాసివ్వండి, మిగతాది నేను చూసుకుంటాను అన్నాడట. ఊళ్ళో చాలామంది సంతకాలు పెట్టేశారు. నేను ఇక్కడున్నాను కాబట్టి ఎంబసీలో సంతకం పెట్టి పంపాలి.

మావారికి ఆ మాట చెవిన పడ్డ దగ్గర్నుంచీ కాలు నిలవలేదు. "ఏమే, గ్యాసు పడబట్టే కదా వీళ్ళిలా మహారాజుల్లా ఉన్నారు! అదే గ్యాసు మన తోట పక్కన పడితే మనం మాత్రం వీళ్ళ కార్లు తుడుస్తూ కూర్చోవాలా?" అనేవారు. ఆయన్ని తప్పు పట్టలేను. ఇక్కడ పనిచేసే మాలాంటివాళ్ళలో చాలామంది అలాగే అనుకునేవారు, ఈ దేశంలో ఎవరింటి కింద ఉన్న గ్యాసు వాళ్ళదేననీ, నెలనెలా దాని డబ్బు ఇంటికి వచ్చి పడుతుందనీ. నేనూ అనుకున్నాను. అయినా నా గుండెలో ఏదో గుబులు. అది మా అమ్మ తన గాజులు అమ్మి కొన్న తోట, నీళ్ళ బిందె చంకనెత్తుకుని మొక్కమొక్కకీ పోసి పెంచిన తోట. ఎవరో తెలియని మనిషికి సర్వహక్కులూ అంటే చెయ్యి రాలేదు. రోజూ దీపం పెట్టుకుని, తల్లీ, నాకు తెలియదు, నువ్వే ఏదో ఒకటి తెలియజెప్పు అని మొక్కుకునేదాన్ని.

ఎంబసీకి వెళ్ళాలని మావారు సెలవడిగితే, ఎందుకని మామా నన్ను పిలిచి అడిగింది. వచ్చీరాని అరబ్బీ, కొంచెం హిందీ కలిపి ఉన్నదంతా చెప్పాను. మీకు వచ్చినట్టే మాకూ గ్యాసు వాటా వస్తుందట మామా అన్నాను. ఆవిడ ముందు వింతగా చూసింది, తర్వాత నవ్వడం మొదలుపెట్టింది, కళ్ళు తుడుచుకుని మరీ నవ్వింది. "నా ఇంటి కింద గ్యాసా? మాఫీ! ఏమీ లేదు! ఇసక ఉంది. ఇసక కింద మళ్ళీ ఇసక ఉంది!" అంది. అప్పుడు చెప్పింది, ఇక్కడికి పడమట ఉన్న దుఖాన్‌లో నేలలో మొదట చమురు పడ్డ రోజుల్లో వాళ్ళ నాన్న అక్కడ కూలీగా ఇనప గొట్టాలు భుజాన మోశాడనీ, వాళ్ళ మేకలు మేసే నేల ఆ పక్కనేననీ, కింద ఉన్నదానికి వాళ్ళనెవరూ ఏమీ అడగనూ లేదు, ఇవ్వనూ లేదనీ. అదంతా దేశానిది, ప్రజలకి ఏమిచ్చినా ప్రభుత్వమే ఇస్తుంది అంది. "పైనున్న ఖర్జూరం చెట్టు మాది, దాని పండు మాది. నీ చెట్టుకేముంది?" అంది. కొబ్బరికాయలు అన్నాను. "అయితే అవి ఎవడికీ రాసివ్వకు. యల్లా, ఇక వెళ్ళి చాయ్ పెట్టు!"

ఆ ముసలావిడకి మన దేశం చట్టాలేం తెలుసని మావారు రుసరుసలాడారు. అయితే ఎంబసీకి వెళ్ళాల్సిన కారు కూడా ఆవిడదే కాబట్టి ఆ రోజు ప్రయాణం ఆగిపోయింది. సెలవుమీద ఊరికి వెళ్ళినప్పుడు స్వయంగా కనుక్కుని గానీ సంతకం పెట్టనని నేను మొదటిసారి ఆయనకి ఎదురుచెప్పాను.

వెళ్ళగానే తమ్ముణ్ణి వెంటబెట్టుకుని గ్యాసు కంపెనీ ఆఫీసుకే పోయాం. అక్కడ భూముల వ్యవహారం చూసే ఆయన మాలాంటివాళ్ళని చూసి చూసి అలిసిపోయినట్టున్నాడు, పాపం, అయినా కుర్చీ వేయించి ఓపిగ్గా చెప్పాడు. లీజుకి తీసుకున్న నేలకి అద్దె ఇస్తాం, అదీ వాడుకున్నన్నాళ్ళే. కిందది ప్రభుత్వానిది, లీజు ఇచ్చినవాళ్ళకైనా ఇవ్వనివాళ్ళకైనా అందులో వాటా లేదు అన్నాడు. మా కిందిది కూడా లాగేస్తున్నారేమోనండీ అని మావారు ఆఖరి ఆశగా అడిగితే, "లాగినా అది మీది కాదు కదండీ" అన్నాడు నవ్వుతూ. నాకు కావలసింది వేరే. "బాబూ, మా తోట మాకుంటుందా?" అన్నాను. "మీ తోట మీది కాక ఎవరిదమ్మా? లీజులో లేని నేలతో మాకేం పని? మీరుగా ఎవరికైనా రాసిస్తే తప్ప దాన్నెవరూ ముట్టుకోరు."

ఆ మాటతో నెలల తరబడి గుండెలమీద ఉన్న బండ దిగిపోయింది. అక్కడే కళ్ళు మూసుకుని అమ్మవారికి దణ్ణం పెట్టుకున్నాను. బయటికొచ్చాక మావారు, "రాజుని కావలసినవాణ్ణి, మళ్ళీ డ్రైవర్నే అయ్యాను" అని నిట్టూరిస్తే, "డ్యూటీ ఉంది కదా బావా, సంతోషించు" అని తమ్ముడు చురక అంటించాడు. ముగ్గురం పడీపడీ నవ్వుకున్నాం. పవర్ రాసిచ్చినవాళ్ళ తోటలు ఆ మధ్యవర్తి పెద్దమనిషి తన అప్పులకి తాకట్టు పెట్టాడని తర్వాత బయటపడింది. వాళ్ళు కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి, దేవుడి దయవల్ల చివరికి దక్కించుకున్నారు.

మా ఇంట్లో దింపు తీయగానే మొదటి గెలలో ఒక కాయ అమ్మవారికి, ఒకటి ఇంటికి తీసిపెట్టే అలవాటు మా అమ్మనాటిది. ఆ ఏడాది నుంచి మూడోది మామాకి. మేం సెలవుకి ఊరెళ్ళేదాకా తమ్ముడు దాచి ఉంచేవాడు, మేం తెచ్చి ఇచ్చేవాళ్ళం. ఆవిడ దగ్గరుండి కొట్టించుకుని, నీళ్ళు తాగి, నావైపు చూసి, "గ్యాసు మాఫీ!" అని ప్రతిసారీ అదే నవ్వు నవ్వేది.

ఇప్పుడు ఆ ఫోను కొట్టు ముందు వరసలు లేవు, కూర్చున్నచోటే ఫోనులో తోటంతా చూపిస్తున్నారు. మామావాళ్ళ మట్టిగోడల పాత ఇల్లు పడగొట్టి మేడ కట్టారు. మావారు మామా మనవల్ని కాలేజీలకి దింపుతున్నారు. మామా పోయి మూడు రంజాన్లు అయింది. ఒకప్పుడు ఊరందరి ఆశలూ భయాలూ చుట్టూ తిరిగిన ఆ మంట కూడా ఆరిపోయింది. కింద ఏముండేదో మాకెప్పటికీ తెలియదు, తెలుసుకోవలసిన పనీ లేకపోయింది. పైనున్న చెట్లు మాత్రం అమ్మ నాటినవి నాటినట్టే కాస్తున్నాయి.

వీడియో చివర్లో తమ్ముడు, మామా పోయినా అలవాటు తప్పక మూడు కాయలు వేరుగా పెట్టి, ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, "అక్కా, ఈ మూడోది ఇక ఎవరికే?" అని అడిగాడు.