బేరింగేనని ఇప్పటికీ అంటాను

ఆ రోజుల్లో కారుకి జబ్బు చేస్తే కారునే అడిగేవాళ్ళం. ఇప్పుడు కంప్యూటరుని అడుగుతున్నారు. మొన్న మా అప్ప మనవడు (అప్ప అంటే మా వైపు అక్క) కొత్త కారులో ఏదో చప్పుడు వస్తోందని విజయనగరం సర్వీసింగుకి తీసుకెళ్తే, అక్కడి ఉద్యోగి డ్యాష్‌బోర్డు కింద ఒక వైరు గుచ్చి, ఒళ్ళోని ల్యాప్‌టాప్ వంక చూసి, "ఏ ఎర్రరూ లేదు సార్, మీకు అలా అనిపిస్తోందంతే" అన్నాడట. చెవి ఒగ్గి వినలేదు. బానెట్ మీద చెయ్యి వేసి చూడలేదు. చప్పుడు వస్తోందని మనిషి మొత్తుకుంటుంటే, రావడం లేదని పెట్టె చెప్పింది కనక రావడం లేదు! ఈ సంగతి విన్న పూట నాకు అన్నం సయించలేదు. (రాత్రికి సయించింది గానీ కోపం తగ్గలేదు.) అంతటితో ఊరుకున్నా బాగుండేది. "పోనీ నువ్వోపాలి సూస్తావేటి తాతా? నీకు బేరింగులు బాగా తెలుసు కదా!" అని వాడు వెకిలిగా నవ్వాడు. వాడి వెనక వాడి పెళ్ళాం నవ్వింది. మా ఇంట్లో ఏ పెళ్ళి జరిగినా, ఏ పేరంటం జరిగినా, భోజనాలయ్యాక ఎవరో ఒకరు నా బేరింగు కథ ఎత్తుకుంటారు. అదీ తప్పుగా చెబుతారు. ఇంజను మొత్తం విప్పేశానంటారు. విప్పింది డైనమో ఒక్కటే. కాబట్టి ఈ విషయంలో జరిగింది జరిగినట్టు రాసి పెట్టడం నా విధి.

అప్పటికి నేను ఎనిమిదో తరగతిలో చదువు మానేసి (చదువే నన్ను మానేసిందనేవాళ్ళున్నారు, వాళ్ళ మాట పట్టించుకోకండి) బొబ్బిలిలో ఒక సైకిలు షాపులో పనిచేస్తున్నాను. మిగతా చదువంతా సొంతంగా చదువుకున్నదే. విజయనగరంలో పాత పుస్తకాల బండి మీద మోటారు మెకానిజం పుస్తకం ఒకటి దొరికింది. అందులో 'లోపములు గుర్తించు విధము' అనే భాగం చక్కగా ఉంది. 'సరిచేయు విధము' అనే భాగాన్ని చెదలు తినేశాయి. అందుచేత నేను రోగం చెప్పగలను గానీ మందు చెప్పలేను. అలాంటి డాక్టర్లు ఎంతమంది లేరు? వాళ్ళని చూసి ఎవరూ నవ్వరు.

మా బావ, అంటే అప్ప మొగుడు, సాలూరు కొండల ఘాటీ మీద లారీ తోలేవాడు. ఒక వానాకాలం ఆ లారీ మలుపులో పల్టీ కొట్టింది. బావ భుజం ఎముక విరిగి, తక్కిన మనిషి మొత్తంగా ఇంటికొచ్చాడు. ఆ కట్టు విప్పిన రోజున అప్ప గుమ్మానికి అడ్డంగా కూర్చుని, "గంజి తాగైనా బతుకుదుం. ఇంక గాటీ ఎక్కినావంటే నా సవం దాటుకుని ఎల్లాల" అంది. బావ ఘాటీ మానేసి, దొరికిన చోటల్లా అప్పు చేసి, ఒక పాత నల్ల కారు కొన్నాడు. ఎవరో డాక్టరు వాడి, ఇంకెవరో కాంట్రాక్టరు వాడి, ఆపైన కోళ్ళు వాడిన కారు అది. కడిగి, రంగేసి, అద్దెకి తిప్పుదామని మార్కెట్ దగ్గర నిలబెట్టాడు. జనం దాని పక్కన నిలబడి బస్సు కోసం ఎదురుచూసేవారు.

కారు ఇంటికొచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాక, అప్ప నన్ను పక్కకి పిలిచి, "ఒరే, ఇంత పుస్తకం సదివినావు కదా. కారుకి పేణం ఎక్కడుంటాది?" అని అడిగింది. నా విద్య గురించి మా ఇంట్లో ఎవరైనా నన్ను మర్యాదగా అడిగింది అదే మొదలు. బానెట్ ఎత్తి, గుండె ఇది, ముక్కు ఇది, నీళ్ళు తాగే నోరు ఇది అని గంటసేపు చెప్పాను. అప్ప ఎంతో శ్రద్ధగా విని, "అయితే ఈ ఇంజనే అన్నమాట" అని వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి రేడియేటరులో నీళ్ళు పొయ్యడం తనే చూసుకుంటానంది. పొద్దున్నే స్నానం చేసి, చెంబుతో నీళ్ళు తెచ్చి, తనే బానెట్ ఎత్తి పోసి, పసుపు బొట్టు పెట్టేది. కారు మీద దానికి ఎంత భక్తో అని బావ మురిసిపోయాడు.

ఆ వారంలోనే చప్పుడు మొదలైంది. గలగలా కాదు, టకటకా కాదు. రెండింటికీ మధ్యన, కారు ఎంత వేగంగా వెళ్తే అంత వేగంగా. సరిగ్గా అప్పుడే మార్కెట్లో అపరాల వ్యాపారం చేసే షావుకారు గారు బావని పిలిపించారు. "నాన్నగారి సంవత్సరీకానికి అమ్మని శ్రీకూర్మం తీసుకెల్లాల. అమ్మకి సప్పుడు పడదు. ఫ్యాను తిరిగినా తలనొప్పే. మీ కారులో సుకంగా ఎల్లొచ్చీసినామంటే ఇంక మా షాపు పన్లన్నీ నీకే ఇస్తాను. విజయనగరం అయినా సరే, కొత్తవలస రైలుకైనా సరే. అమ్మ బాగోనేదందంటే మరి నానేటీ సెయ్యలేను" అన్నారు. బావ ఇంటికొచ్చి నులక మంచం మీద కూలబడ్డాడు. ఈ బేరం పోతే కారు అమ్మెయ్యాలి. కారు అమ్మేస్తే మళ్ళీ లారీ, మళ్ళీ ఘాటీ. అప్ప వంటింటి గుమ్మంలోంచి నా వంక చూసింది. నేను పుస్తకం తీశాను.

"ఏటంతాది నీ పుస్తకం, ఇంజనీరూ?" అన్నాడు బావ.

"బేరింగు బావా."

"సూడకుండానే?"

"సూడ్డానికేటున్నాది? ఇనపడతన్నాది కదా."

(సైకిలు షాపులో పనిచేసేవాడికి లోకంలో ప్రతి చప్పుడూ బేరింగులాగే వినిపిస్తుందని తర్వాత నా మీద ఒక అపవాదు వేశారు. సరే. బొబ్బిలిలో వీణలు చేసే మా మావ వరస ఆయన ఒకడుండేవాడు. చెవి మంచిదని ఆయన్ని ఎక్కించుకుని ఊరంతా తిప్పాం. ఆయన కళ్ళు మూసుకుని విని, "పనస కర్ర సరిగ్గా ఆరనేదర్రా. రెండు నెల్లు నీడని పెట్టండి" అని దిగిపోయాడు. ఆయన్ని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.)

పరీక్షకి సిద్ధమయ్యాను. బానెట్ ఎత్తబోతే అప్ప పరుగెత్తుకొచ్చి, "ఉండండి, ఉండండి, ముందు నాను దిష్టి తియ్యాల" అని మమ్మల్ని ఇద్దర్నీ వీధిలోకి తోలింది. దిష్టి తీశాక పిలిచింది. స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆన్చి, పిడి చెవిలో పెట్టుకుని విన్నాను. పద్ధతి అదే, పుస్తకంలో బొమ్మ కూడా ఉంది. చప్పుడు లేదు. బావ ఎంత రేజ్ చేసినా లేదు. బానెట్ మూసి, అప్ప మళ్ళీ పసుపు బొట్టు పెట్టాక, వీధి చివరికి వెళ్ళామో లేదో, చప్పుడు! వెనక్కి తెచ్చి, దిష్టి తీయించి, బానెట్ ఎత్తితే మళ్ళీ నిశ్శబ్దం. ఇలా ఆ సాయంత్రమంతా జరిగింది. ఇంజనుకి సిగ్గు అనే లోపం పుస్తకంలో ఎక్కడా లేదు. బరువు పడితేనే పలికే బేరింగు అని నేను నిర్ధారణకి వచ్చాను. తెలిసినవాళ్ళని అడగండి, అలాంటివి ఉంటాయి.

డైనమో విప్పి, బేరింగు మార్చి, మళ్ళీ బిగించాను. ఒక వాషరు మిగిలింది. అది కంపెనీవాళ్ళు అదనంగా వేసినదని తేల్చాను. మర్నాడు పొద్దున్న బావ కారు తీస్తే చప్పుడు రెట్టింపయింది.

"ఏటి సేసినావురా దాన్ని?" అన్నాడు బావ.

"రోగం బయటికొస్తన్నాది బావా. మంచిదే."

"మంచిదేటి నీ మొకం. లోపల ఎవులో తిరగలి తిప్పుతన్నట్టు ఉన్నాది."

అప్ప మాత్రం బావని ఏమీ అడగలేదు. నన్ను దొడ్లోకి పిలిచి, "పెమాదమేటిరా?" అంది నెమ్మదిగా. బేరింగన్నాక చెప్పలేం, ఒక్కోసారి చక్రమే ఊడిపోవచ్చు అన్నాను. (డైనమో బేరింగు పోతే చక్రం ఊడదు. నాకు తెలుసు. కానీ రోగం చెప్పేవాడు కాస్త గంభీరంగా చెప్పకపోతే ఎవరూ వినరు.) అప్ప మొహం పాలిపోయింది. ఆ మర్నాటికి చప్పుడు ఇంకా పెరిగింది. నేను మళ్ళీ చూశాను, మళ్ళీ గంభీరంగా చెప్పాను, మళ్ళీ పెరిగింది. శ్రీకూర్మం ప్రయాణం రానే వచ్చింది.

ఇంజనుకి ఏమైనా అయితే చూడ్డానికని నేను ముందు సీట్లో కూర్చున్నాను. వెనక షావుకారు గారు, ఆయన తల్లి. బక్కపలచని మనిషి, చేతిలో పూజ సామాను బుట్ట. ఊరు దాటకుండానే చప్పుడు అందుకుంది. షావుకారు గారు గొంతు సవరించుకున్నారు. బావ మెడ వెనక చెమట దిగడం నేను చూశాను. "బేరింగండి" అన్నాను, ఎవరూ అడక్కుండానే. రాజాం దాటేదాకా ఆ తల్లి కళ్ళు మూసుకుని, వేళ్ళతో ఒళ్ళో ఏదో విసురుతున్నట్టు ఆడిస్తోంది. తలనొప్పి మొదలైందనే అనుకున్నాం అందరం.

ఉన్నట్టుండి ఆవిడ కళ్ళు తెరిచి, "ఒరే నాయినా, ఈ కారులో గవ్వలాడతన్నారెవులు?" అంది.

"గవ్వలేటమ్మా! బేరింగంట" అన్నారు షావుకారు గారు.

"బేరింగో బొంగరమో నాకు తెల్దు. పెళ్ళయిందాకా మా అరుగు మీద నాను ఆడినవి గవ్వలే. ఆ సప్పుడు నాకు తెల్దేటి? ఆపండి. ఆ మూత ఎత్తండి."

బావ కారు ఆపి బానెట్ ఎత్తాడు. చప్పుడు మొదలయ్యాక, అప్ప దిష్టి తీయకుండా ఆ బానెట్ ఎత్తడం అదే మొదటిసారి. ఇంజను పక్కన రేకుకి కొట్టుకుంటూ, నూనె మరకలతో అచ్చం వైరులాగే కనిపిస్తున్న నల్ల తాడు ఒకటి వేలాడుతోంది. దానికి గవ్వలు. మొదట కట్టిన వరస మసిబారి ఉంది. దాని కింద ఇంకో వరస, ఆ కింద మరొకటి, మరొకటి. నేను ఇంజనుకి రోగం ఉందని అన్న ప్రతిసారీ అప్ప ఒక వరస కలిపింది. రక్షకి కట్టిన గవ్వల్ని పరాయి చెయ్యి ముట్టుకుంటే పనిచెయ్యవట. అందుకని దిష్టి వంకతో తీసి రొంటిన దోపుకునేది, బొట్టు వంకతో మళ్ళీ కట్టేది. చివరి ముడి మీద తన పసుపు కోక అంచు చింపి చుట్టింది. ఆ అంచుని బావ గుర్తుపట్టాడు.

"ఎవులు కట్టినారు బావూ?" అంది ఆవిడ, కిందకి దిగి వచ్చి.

"మా ఇంటిదండి. లారీ తిరగబడ్డకాడ్నించి దానికి బయం. ఇప్పీస్తానమ్మగారూ, సప్పుడుండదు" అని బావ ముడి మీద చెయ్యి వేశాడు.

"సెయ్యి తియ్. అది ఇప్పితే నాను ఈడ్నే దిగిపోతాను." ఆవిడ ఆ తాడు వంక చూస్తూ, "మా ముసిలాయన సైకిలేసుకుని సంతలన్నీ తిరిగీవోడు. ఏటో ఒకటి కడదునా అనుకునీదాన్ని. నవ్వుతాడని కట్టనేదు" అంది. ఆ తర్వాత కొడుకు వంక తిరిగి, "ఒరే, ఇంకెక్కడికెల్లాలన్నా ఈ కారే. ఇంకో కారైతే నాను ఎక్కను" అంది.

బావ ముడి విప్పలేదు. ఇంకాస్త గట్టిగా బిగించి, బానెట్ మూశాడు. శ్రీకూర్మం దాకా, తిరిగి బొబ్బిలి దాకా గవ్వల చప్పుడు వింటూనే వచ్చాం. ఆవిడ దారంతా నిద్రపోయింది. షాపు పనులన్నీ బావకే వచ్చాయి. ఘాటీ ఊసు మళ్ళీ రాలేదు. ఆ సంతోషంలో, అసలు బేరింగు కూడా కొద్దిగా అరిగి ఉందా లేదా అని ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు నన్ను అడగలేదు. అరిగే ఉంది. నేను మార్చకపోతే ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు? గవ్వలు బయటపడ్డ సంగతి అప్పకి చెప్పొద్దని బావ నా దగ్గర మాట తీసుకున్నాడు. నేను చెప్పలేదు. షావుకారి తల్లి ఊరంతా చెప్పింది. మార్కెట్లో నాకు 'గవ్వల ఇంజనీరు' అని పేరు పడి, షాపు మారినా, ఉద్యోగం మారినా, జుట్టు మొత్తం నెరిసినా అది మాత్రం మారలేదు. బావ ఆ కారుని ముక్కలు చేసి అమ్మేదాకా తిప్పి, ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు బతికి, ఒక మధ్యాహ్నం భోంచేసి పడుకుని, నిద్రలోనే పోయాడు. గవ్వలు పనిచేశాయంటుంది అప్ప. ఈ ఒక్క విషయంలో నా పుస్తకంలో జవాబు లేదు.

ఇక మొన్నటి సంగతి. మనవడు మరీ నవ్వుతుంటే పౌరుషం వచ్చి, పాత స్క్రూడ్రైవరు తీసుకుని ఆ కొత్త కారెక్కాను. వీధి చివర గతుకు దగ్గర వినిపించింది. గలగలా కాదు, టకటకా కాదు. అప్పుడు గుర్తొచ్చింది. ఈ కారు వచ్చిన కొత్తలో అప్ప నన్ను, "ఒరే, ఈ కాలం కార్లకి పేణం ఎక్కడుంటాది?" అని అడిగింది. అంతా కంప్యూటరే, డ్యాష్‌బోర్డు వెనక ఎక్కడో ఉంటుందిలే అని నేనే విసుక్కున్నాను. మనవడు ఫోను మాట్లాడ్డానికి దిగినప్పుడు నా సీటు ముందరి అరలోంచి చెయ్యి లోపలికి పోనిచ్చాను. సర్వీసింగు ఉద్యోగి వైరు గుచ్చిన చోటికి జానెడు దూరంలో గవ్వల తాడు తగిలింది. ముడి వదులుగా ఉంది. అప్ప వేళ్ళలో పూర్వపు బలం లేదు మరి. నేను బిగించాను.

ఇంటికొచ్చేసరికి అప్ప అరుగు మీద చిక్కుళ్ళు ఒలుస్తోంది. మా వంక చూడలేదు గానీ, చేతులు ఆగిపోయాయి.

"ఏటి తాతా, తెలిసిందేటి?" అన్నాడు మనవడు, పెళ్ళానికి కన్నుగీటుతూ.

స్క్రూడ్రైవరు బానెట్‌కి ఆన్చి, పిడి చెవిలో పెట్టుకుని, పద్ధతి ప్రకారం కాసేపు విన్నాను.

"బేరింగురా" అన్నాను. "పెమాదమేటీ నేదు. ఎవులి సేతా ఇప్పించకు."

వాడు నవ్వి నవ్వి అరుగు మీద కూలబడ్డాడు. అప్ప చిక్కుడుకాయ ఒకటి తీసి మళ్ళీ ఒలవడం మొదలుపెట్టింది.

"నవ్వకండర్రా" అంది వాళ్ళతో, తలెత్తకుండానే. "ఆడికి బేరింగులు బాగా తెలుసు."