రైలు చప్పుడులో అత్త కేక

వాన వెలిసిన సాయంత్రం హనుమకొండ చౌరస్తాలో ఎవరైనా మక్కకంకులు కాలుస్తుంటే, ఆ బొగ్గుల వాసన ముక్కుకు తగలగానే నాకు నిలబడ్డ చోటే గొంతెత్తి అరవాలనిపిస్తుంది. నవ్వకండి. తప్పు నాది కాదు, కాజీపేటలో ఉండిన మా మేనత్తది.

ఎనభైల మొదట్లో సంగతి. నేను పదో తరగతి. అర్ధ సంవత్సర పరీక్షల్లో లెక్కల పేపరు చేతికి రాగానే భయంతో బెంచీ మీదే కక్కుకుని ఇంటికొచ్చేశాను. బజారులో కిరాణా దుకాణం నడిపే మా నాన్నకు తల కొట్టేసినట్టయింది. "పెద్ద పరీక్షల గూడ గిట్లనే జేస్తే సదువు బంద్. ఇంట్ల కూసో," అన్నాడు. బడంటే ప్రాణం పెట్టే నాకు ఆ మాటతో తిండి సయించలేదు, నిద్ర పట్టలేదు. చూడలేక అమ్మ నన్ను పెద్ద పరీక్షల ముందటి సెలవుల్లో పుస్తకాల సంచితో, ఒక డబ్బా సకినాలతో అత్త ఇంటికి పంపింది.

రైల్వే క్వార్టరు అంటే చిన్న ఇల్లే గానీ ఎంత సందడి! వాకిట్లో కనకాంబరాలు, తలుపు వెనక మామ ఎర్ర, పచ్చ జెండాలు, పొయ్యి మీద ఎప్పుడూ మరిగే చాయ, అన్నిటి మీదా సన్నగా రాలే బొగ్గు నుసి. మామ గూడ్సు బండి గార్డు. ఎప్పుడు పోతాడో ఎప్పుడు వస్తాడో ఆయనకే తెలియదు. అత్త మాత్రం పక్కింటి ఆడవాళ్లతో పచ్చీసు ఆడుతూ, ఓడితే గవ్వల్ని తిట్టిపోస్తూ, గెలిస్తే వీధంతా వినబడేలా నవ్వుతూ, భయమన్నది ఎరగని మనిషిలా కనిపించేది.

లెక్కల పుస్తకం తెరిచి మళ్లీ మూసేస్తున్న నన్ను చూసి అత్త నా చెయ్యి పట్టుకుంది. "గుండె దడదడ అంటాందా? అది రోగం గాదు బిడ్డా, ఆవిరి. ఆవిరి లేకుంటే ఇంజను కదలది. జర ఎక్కువైతే ఇడువాలె, గంతే. నడువు!" అంటూ స్టేషను వంతెన మీదికి లాక్కుపోయింది.

అబ్బ, ఆ వంతెన! కింద బొగ్గు ఇంజను దూసుకొస్తుంటే కాళ్ల కింద చెక్కలు గడగడలాడి, వెచ్చటి పొగ కమ్మీల్లోంచి లేచి, పక్క మనిషి కూడా కనబడకుండా కమ్ముకునే ఆ కాసేపు మేమిద్దరం గొంతులు చించుకుని అరిచేవాళ్లం. "లెక్కలూ, మీ పని జెప్త!" అని నేను. ఆ చప్పుడులో ఎవరికి వినబడుతుంది! తరువాత సకినాలు కటకటా నములుతూ ఇంటికి నడిచి, లెక్కలు చేసుకుని, ఒళ్లు తెలియకుండా నిద్రపోయేదాన్ని. అత్త ఏమని అరిచేదో మాత్రం చెప్పేది కాదు. "నీది నీకు, నాది నాకు," అనేది.

పెద్ద పరీక్షల్లో లెక్కల పేపరుకు ముందటి సాయంత్రం కూడా వెళ్లాం. మామ డ్యూటీకి పోయి రెండు రోజులైంది. బండి వచ్చింది, అరుపులు మొదలెట్టాం. ఇంతలో సిగ్నలు పడలేదేమో, బండి వంతెన కిందే టక్కున ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో అత్త కేక ఖంగున మోగింది. "రాజయ్యా! పైలంగ ఇంటికి రా!"

మగని పేరు ఎత్తడమే తప్పనుకునే రోజులవి! ప్లాట్‌ఫారం మీది జనమంతా తలెత్తి చూశారు. అత్త కొంగు మొహాన కప్పుకుని మెట్ల మీద కూలబడి పడీపడీ నవ్వింది. నవ్వుతుంటే కళ్ల వెంట నీళ్లు.

"నీకు గూడ భయమైతదా అత్తా?"

"గాదా మరి? రోజు ఐతది. రోజు ఇడుస్త."

ఆ మాటకు నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. కబురు క్వార్టర్లన్నీ చుట్టేసింది. తెల్లారి మామ గుమ్మంలో నిలబడి, మీసాల్లో నవ్వుకుంటూ, "పిలిచినవట గదా, వచ్చిన," అన్నాడు. అత్త సిగ్గుతో వంటింట్లోకి పారిపోయింది. నేను పకపకా నవ్వుతూనే పరీక్షకు పోయాను. పేపరు చేతికి రాగానే గుండె దడదడా కొట్టుకుంది. కొట్టుకోనీ, ఆవిరే కదా అనుకుని రాయడం మొదలుపెట్టాను. చివరి లెక్క దాకా రాశాను. పాసయ్యాను, బడి నిలిచింది.

అదే లెక్కలు బళ్లో చెప్పి రిటైరయ్యాను. బొగ్గు ఇంజన్లు పోయాయి, అత్తామామలూ పోయారు. ఇప్పటి కరెంటు బండ్లకు మనిషి కేకను దాచేంత చప్పుడు లేదు. ఇంటికి ట్యూషనుకొచ్చే పిల్లల్ని పరీక్షల ముందు డాబా మీదికి తీసుకుపోయి అరవమంటాను.

"ఎవరన్న వింటరు టీచర్," అంటారు బిక్కమొహాలేసుకుని.

"విననియ్యుండ్రి," అంటాను.