ఇలిష్ చేప కాపలా కాసిన కుడుములు

బైబిలు మీద కుడిచెయ్యి వేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. ఎడమచెయ్యి ఫ్రీజరు తలుపు మీద ఉంది. నా భార్య ఆదివారం చర్చి నుంచి రాగానే, పిల్లలు బజారు చిరుతిళ్ళ జోలికి పోకుండా వారానికి సరిపడా చోడిపిండి, అదే రాగిపిండి, కుడుములు ఆవిరి మీద ఉడికించి, చల్లార్చి, డబ్బాల్లో సర్ది ఇందులో పెడుతుంది. మూత తీసినప్పుడల్లా గడ్డకట్టిన ములగాకు వాసన ముక్కుకి తగిలి, నేను న్యూటౌన్‌లోని ఈ పదో అంతస్తు నుంచి జారి, నా చిన్నప్పటి వాట్‌గంజ్ సందులో మోకాటి లోతు వాననీళ్ళలో పడతాను.

శ్రీకాకుళం నుంచి వచ్చిన మా అయ్య అక్కడ రేవు పక్కన ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసేవాడు. వానాకాలం గంగ పోటెత్తితే మా ఒంటిగదిలో బొగ్గుల పొయ్యి మునిగిపోయేది. అందుకని అమ్మ ముందుగానే చోడిపిండి, రుబ్బిన పెసరపప్పు, ములగాకు, కాస్త బెల్లం కలిపి కుడుములు చేసి పాత బిస్కెట్ల డబ్బాలో పెట్టి ఇచ్చేది. అయ్య దాన్ని ఫ్యాక్టరీ చలిగదిలో అక్కడివాళ్ళు ఇలిష్ అనే పులస చేపల బుట్టల మధ్య దాచి, రోజూ సాయంత్రం కొన్ని ఊకలో చుట్టి తెచ్చేవాడు. బల్ల మీద కిరసనాయిలు స్టవ్వు పెట్టి, గ్లాసెడు నీళ్ళ ఆవిరికి అమ్మ వాటిని మెత్తబరిచేది. ఫ్యాక్టరీలో ఆ చలిగది ఎంత చలంటే, ఒకసారి అయ్య తుమ్మితే మీసం సగం విరిగి కిందపడింది. జేబులో వేసుకుని ఇంటికి తెచ్చాడు, నేను చూశాను.

ఒక వానాకాలం నా చెల్లెలు చిట్టికి టైఫాయిడ్ వచ్చి తగ్గింది గానీ ఆకలి తిరిగి రాలేదు. ఒంట్లో రక్తం లేదు, తిండి పడితేనే మనిషి నిలుస్తుందన్నాడు డాక్టరు. అన్నం చూస్తే మొహం తిప్పేసేది. కుడుము మాత్రం, అదీ నేను కథ చెబుతుంటేనే, చిటికెడు చిటికెడు తినేది. చలిగదిలో మా డబ్బాకి ఒక ముసలి ఇలిష్ కాపలా ఉందనీ, దానికి వెండి కళ్ళజోడు ఉందనీ, చిట్టి పేరు చెబితేనే మూత తీయనిస్తుందనీ చెప్పేవాణ్ణి. కథ ఆగితే నోరు మూసేసేది. కాబట్టి ఆపేవాణ్ణి కాదు.

తరవాత ఎడతెగని వాన పట్టి, కరెంటు పోయి, చలిగదిలో ఐసు కరిగి చేపలు కుళ్ళడం మొదలెట్టాయి. అయ్య డబ్బా నెత్తిన పెట్టుకుని గొంతు లోతు నీళ్ళలో ఇంటికి వచ్చాడు.

"పిల్ల తిన్నాదేటి?" అన్నాడు గుమ్మంలోనే.

"నీ డబ్బా కోసమే సూత్తన్నాది. పొద్దుట్నించి గంజిచుక్క నేదు," అంది అమ్మ.

కుడుములకి చేపల వాసన పట్టేసింది. అమ్మ ఆవిరి పట్టి, ఒకటి విరిచి చిట్టి పెదాల దగ్గర పెట్టింది. నేను కథ అందుకున్నాను: మన ఇలిష్ ఆ డబ్బాని వీపున వేసుకుని ఈదుకుంటూ వచ్చిందనీ, మలుపు దగ్గర ట్రాము పట్టాలు తగిలి పొట్ట గీరుకుపోయిందనీ. చిట్టి కళ్ళు తెరిచింది.

"మరి దానికేటెట్టినావు అన్నా?"

ఏమీ పెట్టలేదన్నాను.

"సగం దానికెట్టు."

మిగిలిన సగం చిట్టి మొత్తం తినేసి, వేళ్ళు నాకి, ఇంకోటి అడిగింది.

ఆ ఫ్యాక్టరీ మూతపడి చాలాకాలమైంది. అమ్మా అయ్యా లేరు. ఆ సందులోనూ ఇప్పుడు గదికో ఫ్రిజ్ ఉంది. మా పిల్లలు ఫోను చూస్తూ కుడుములు మింగేస్తారు. ఇలిష్ మాట ఎత్తితే, తరవాత చెప్పు నాన్నా అంటారు. తినే పిల్లలకి కథ ఎందుకు?

బైబిలు మీద చెయ్యి ఇంకా అలాగే ఉంది గనక ఒకటి ఒప్పుకోవాలి. మీసం విరగడం నిజం. వెండి కళ్ళజోడు నిజం. ఇలిష్ ఈదుకుంటూ రావడం ముమ్మాటికీ నిజం. సగం దానికి పెట్టమని చిట్టి అనడమూ నిజమే. ఆ మాట తరవాత తను నోరు తెరవలేదు, కళ్ళూ తెరవలేదు. రెండు సగాలనూ మా అయ్యే గుమ్మం బయటి నీళ్ళలో వదిలాడు. చిట్టి తినేసి, వేళ్ళు నాకి, ఇంకోటి అడిగిందన్నానే, ఆ ఒక్క వాక్యం నేను కల్పించాను.