ముందు చేరిన బొగ్గుబస్సు

ఆ రోజుల్లో మా బందరు బస్సులు పెట్రోలు తాగేవి కావు, బొగ్గు తినేవి. యుద్ధం పెట్రోలునంతా పట్టుకుపోయాక ప్రతి బస్సు వెనకాలా ఒక ఇనప పొయ్యి తగిలించారు. అందులో బొగ్గులు రాజేసి, మర తిప్పి గాలి ఊది, అరగంట బతిమాలితే వచ్చే గ్యాసుతో ఇంజను కదిలేది. మా మేనమామకి అలాంటి బస్సొకటి బందరు నుంచి గుడివాడకి తిరిగేది. నడిపేది మావయ్యే. ఇంటరు పాసై ఇంట్లో కూచున్న నేను ఆ పొయ్యికి పూజారిని. వెనక మెట్టు మీద నిలబడి బొగ్గు వెయ్యడం, మసి దులపడం, స్పానరు పట్టి గొట్టాలు బిగించడం, జనమంతా ఎక్కాక రేకు మీద రెండు దెబ్బలు కొట్టి మావయ్యకి తెలపడం నా ఉద్యోగం (జీతం గుడివాడలో రెండు ఇడ్లీలు).

నాకు చెన్నపట్నం వెళ్ళి ఇంజనీరింగు చదవాలని పిచ్చి కోరిక. మా నాన్నగారు లెక్కల మేష్టారు. నా అప్లికేషను ఆయన సంతకం కోసం నెల్లాళ్ళుగా బల్ల మీద పడి ఉంది. “బావగారూ, మనమ్మాయి చెయ్యి పడ్డాక బస్సు దగ్గడం మానేసిందండీ. సంతకం పెట్టెయ్యండి” అని మావయ్య రోజూ పోరేవాడు. ఆ పోరు పడలేక ఒకనాడు నాన్నగారు పందెం వేశారు. “ఆదివారం నేనే మీ బస్సెక్కుతాను. పచ్చబస్సు కంటే ముందు గుడివాడ చేరిస్తే సంతకం పెడతాను. లేదా, అమ్మాయి మళ్ళీ ఆ స్పానరు ముట్టుకోకూడదు.”

పచ్చబస్సు మాకు ఆగర్భశత్రువు. ముందు చేరిన బస్సుకే తిరుగు ప్రయాణపు జనం దొరికేవారు కాబట్టి రోజూ మా రెండు బస్సులకీ పోటీయే. శనివారమంతా నేను అన్నం మాట మరిచిపోయి గొట్టాలన్నీ విప్పి కడిగాను. ఆదివారం పొద్దున్న మా బస్సు పెడన దాటేసరికి పచ్చబస్సు ఎక్కడో వెనక దుమ్ములో ఉంది. నా గుండె అప్పుడే చెన్నపట్నంలో ఉంది.

పెడన దాటాక కాలవ వంతెన. కింద నుంచి పడవలు పోవాలి కదా, ఏనుగు వీపంత ఎత్తుగా కట్టారు. జనంతో బొగ్గుబస్సు దాన్ని ఎక్కలేకపోయేది. అందరూ దిగి నడిచి రావాలి, బస్సు అవతల ఆగి ఎక్కించుకోవాలి. అదీ ఆనవాయితీ. నాన్నగారితో సహా అందరూ దిగారు. ఖాళీ బస్సు వంతెనెక్కి దిగింది. అబ్బ, ఆ ఇంజను పాట ఏమని చెప్పను! అంత హాయిగా అది ఎప్పుడూ పాడలేదు. మావయ్య నెమ్మది చేస్తున్నాడు. ఇప్పుడు ఆపితే గ్యాసు పడిపోతుంది, మళ్ళీ మర తిప్పాలి. ఇంతలో వెనక పచ్చబస్సు హారను. నా చెయ్యి దానంతట అదే రేకు మీద రెండు దెబ్బలు కొట్టేసింది.

బస్సు పరుగందుకుంది. పొగలోంచి చూస్తే వంతెన మీద నాన్నగారు పంచె ఎగ్గట్టి, చెయ్యి ఊపుతూ పరుగెత్తుకొస్తున్నారు. నన్ను ఉత్సాహపరుస్తున్నారనుకుని నేనూ చెయ్యి ఊపాను!

గుడివాడలో మావయ్య విజయగర్వంతో దిగి, “రండి బావగారూ!” అని తలుపు తీశాడు. లోపల నాన్నగారి గొడుగు, ఒక వంకాయల బుట్ట, నిద్ర లేవక దిగకుండా ఉండిపోయిన ముసలమ్మ ఉన్నారు. “ఇవాళ బండి బాగుంది నాయనా, ఒక్కళ్ళూ కాలు తొక్కలేదు” అందావిడ. మావయ్య నాకేసి చూశాడు. నేను బొగ్గులకేసి చూశాను.

కాసేపటికి పచ్చబస్సు వచ్చింది, తన జనంతోనూ మా జనంతోనూ మూలుగుతూ. టాపు మీంచి ఎవరో నిచ్చెన పట్టుకుని దిగుతున్నారు. నాన్నగారే. కనుబొమ్మల దాకా దుమ్ము. నాకు ఏడుపొచ్చేసింది. స్పానరు తీసి ఆయన చేతిలో పెట్టేశాను. ఆయన దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, “ముందు నా గొడుగు ఇయ్యి” అన్నారు. తరవాత మావయ్యతో అన్నారు: “పందెం పందెమే. బస్సు ముందే చేరింది, సంతకం పెడతాను. అయినా దీన్ని ఇలా సగం చదువుతో వదిలేస్తే ఊరికే ప్రమాదమయ్యా!” స్పానరు నాకు తిరిగిచ్చేశారు.

చదివాను. ఏళ్ళు గడిచాక చెన్నపట్నంలో పందెం కార్ల ఇంజన్లు చూసే ఉద్యోగంలో కుదురుకున్నాను. ఒకసారి నాన్నగారు చూడటానికొచ్చారు. ఆ పొడుగాటి కారు చుట్టూ గొడుగుతో ఒక ప్రదక్షిణం చేసి, “ఒక్కడికేనా సీటు?” అన్నారు. బరువు తగ్గితే వేగం పెరుగుతుందని వివరించబోయాను. “తెలుసమ్మా, వంతెన మీద నిలబడి నేర్చుకున్నాను. నీకు తగ్గ ఉద్యోగమే దొరికింది” అని నవ్వారు.

నాన్నగారు పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ కారులో ఏ వంతెన దిగినా ఒక్కసారి నెమ్మది చేసి వెనక్కి చూస్తాను. ఎవరూ ఉండరు. అయినా చెయ్యి ఊపుతాను.