మెక్సికో అక్క బండి

కుముద ముప్పై ఒక్క సంవత్సరాలు గనుల దారులు గీసింది. వాటిలో ఒక్కదానిలోనూ నడవలేదు.

కోలారు బంగారు గనుల్లో, చాంపియన్ రీఫ్స్ సర్వే ఆఫీసులో ఆమె ట్రేసరు. సర్వేయర్లు నేల కింద కొలిచి తెచ్చిన సొరంగాలను పెద్ద పటాల మీద పెన్సిలుతో వేస్తారు. ఆ పటం మీద పల్చని గుడ్డ పరిచి, కింద కనబడే గీతను నల్ల సిరాతో ఎత్తి రాయడం ఆమె పని. ఏ దారి ఏ రాయి దగ్గర మలుపు తిరుగుతుందో, ఏది నీళ్ళు వచ్చి మూతపడిందో ఆమె వేళ్ళకు తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి అడిగింది, కిందికి దిగి చూడొచ్చా అని. పెద్ద సర్వేయరు నవ్వాడు.

"ఆడవాళ్ళు గనిలో దిగకూడదని చట్టం ఉంది కుముదా. పైనుంచే బాగా గీస్తున్నావు గదా, ఇంక చూడడమెందుకు?"

ఆమె మళ్ళీ అడగలేదు. మరిచిపోనూ లేదు.

రెండు వేల ఒకటిలో గనులు మూసేశారు. అప్పటికామెకు యాభై ఆరేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. గనుల పక్కనే కోరమండల్ కాలనీలో ఒక చిన్న క్వార్టర్సు, ముందు రెండు కనకాంబరం చెట్లు, వెనక బంగారం తీసేశాక పారబోసిన మట్టి పేరుకున్న సైనైడు దిబ్బ. గాలి వీచిన రోజున ఆ దిబ్బ బూడిదరంగు మబ్బై లేచి, ఆరేసిన చీరల మీద వాలేది.

ఆఫీసు ఖాళీ చేసే రోజున చెత్త కాగితాల్లో ఆమెకొక పాత విదేశీ పత్రిక దొరికింది. ముసలి మొగుడూ పెళ్ళాలిద్దరు ప్రతి చలికాలం కారు వెనక ఒక బుల్లి ఇల్లు తగిలించుకొని మెక్సికో దేశమంతా తిరుగుతారట. అందులో ఒక బొమ్మ ఉంది. ఎడారి నడుమ చక్రాల మీద తెల్లటి ఇల్లు, తెరిచిన తలుపు, తలుపు ముందు కుర్చీ వేసుకొని నారింజ తొన ఒలుస్తున్న ఆడమనిషి. కుముద ఆ బొమ్మను చాలాసేపు చూసింది. ఆ మనిషి ఎవరి కోసమూ ఎదురు చూడటం లేదు.

సముద్రం దాటి బండి పోదు. సరే, మెక్సికో కాకపోతే కచ్ ఉంది. చలికాలంలో అక్కడ ఉప్పు నేల మంచు పరిచినట్టు తెల్లగా ఉంటుందని విన్నది. మూడు నెలలు పోవాలి, తిరగాలి, మెల్లగా రావాలి. యాభై ఏళ్ళు నిండాక పట్టుబట్టి డ్రైవింగు నేర్చుకున్న మనిషి. వేలంలో ఒక పాత జీపు కొన్నది. వెనకాల తగిలించే ఇంటి కోసం శ్రీనివాసపురం వెళ్ళింది.

అక్కడ ఆదినారాయణప్ప మామిడికాయలు మోసే ట్రాక్టర్ ట్రైలర్లు చేస్తాడు. అరవై దాటిన మనిషి. కాయలు లేని కాలం కాబట్టి షెడ్డులో చేతులు కట్టుకొని కూర్చొని ఉన్నాడు. కుముద గీసుకొచ్చిన కాగితం విప్పింది. అతను దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఇదేందమ్మా, మామిడికాయల ట్రైలర్‌కు కిటికీ పెట్టినారు?"

"కాయలకు కాదప్పా, నాకు. నేనే ఉంటా అందులో."

"దేవుడా! ఉండేదానికి ఇల్లు లేదా మీకు?"

"ఉండాది. అది కదలదు, అంతే."

ఆదినారాయణప్ప ఆ మాట నచ్చినట్టు తలూపాడు. రెండు నెలల్లో రెండు చక్రాల ఇల్లు తయారైంది. రేకు కప్పు, ఇనుప మంచం, కిరసనాయిలు పొయ్యికి మూల, నీళ్ళ డ్రమ్ము. అల్మారా మట్టుకు మామిడికాయల పెట్టెల చెక్కతో చేశాడు. తలుపు తీస్తే చలికాలంలోనూ ఎండాకాలం వాసన వచ్చేది.

కోరమండల్ క్వార్టర్ల లైన్లలో దాన్ని చూడని వాళ్ళు లేరు. పాలు పోసే సొన్నమ్మ పొద్దున్నే చెంబు పట్టుకొని బండి చుట్టూ ఒక చుట్టు తిరిగి, "మెక్సికో అక్కా, ఎప్పుడు ప్రయాణం? ఈ పాలు యాడ పొయ్యాల ఇంగ, చక్రం మీదనా?" అనేది. ఆ పేరు అందరి నోటా నిలిచింది.

నిలవనిది అన్న గుండూరావు నోట మాత్రమే. బెంగళూరులో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. తన ఇంట్లో చెల్లెలి కోసం మూల గది సున్నం కొట్టించి పెట్టాడు. నాన్న పోయేటప్పుడు చెల్లెలి బాధ్యత నీదే అని చేతిలో చెయ్యి వేసి చెప్పిపోయాడట. ప్రతి ఆదివారం వచ్చి ఆ చెయ్యి గురించే మాట్లాడేవాడు.

"ఒంటరి ఆడమనిషి, ఆ డబ్బా ఈడ్చుకొని దేశాలు తిరిగేదేమి? రేపు ఏ మూల లోయలోనో పడితే నేనెవరికి చెప్పుకోవాల?"

"పడితే ఎవురికీ చెప్పొద్దులే అన్నా."

"నవ్వొద్దు. ఒక మాట. మొగిలి ఘాటు రోడ్డు దిగి, మళ్ళా ఎక్కించి చూపీ. ఎక్కితే నేను నోరెత్తను. ఎక్కకపోతే సామాను కట్టు, బెంగళూరికి పోదాం."

"సరే" అంది కుముద. ఆలోచించకుండా అనేసిన సరే అది.

కార్తీకమాసంలో ఒక తెల్లవారుజామున బయలుదేరారు. కుముద స్టీరింగు దగ్గర, పక్కన ఆదినారాయణప్ప, వెనక సీట్లో గుండూరావు. పలమనేరు దాటి ఘాటు దిగడం సుఖంగానే జరిగింది. కింద బండి తిప్పి ఎక్కడం మొదలుపెట్టాక మూడో మలుపులో జీపు మూలగడం మొదలుపెట్టింది. రేడియేటరులో నీళ్ళు కుతకుతమన్నాయి. వెనకనుంచి ఇల్లు లాగింది. ముందు చక్రాలు తేలిపోతున్నట్టు స్టీరింగు చేతుల్లో వదులైంది. బ్రేకు మీద రెండు కాళ్ళు వేసి నిలబడింది కుముద. వెనక లారీలు వరస కట్టి హారన్లు కొట్టాయి.

ఒక లారీడ్రైవరు దిగివచ్చి జీపునూ ఇంటినీ మార్చి మార్చి చూశాడు.

"ఏమ్మా, ఇల్లు ఖాళీ చేస్తాండారా, ఇంటినే ఎత్తుకొని పోతాండారా?"

చివరికి అతనే ఇనుప తాడు కట్టి పైదాకా లాగి వదిలాడు. గుండూరావుది పందెం గెలిచిన మనిషి ముఖం.

ఘాటు పైన టీకొట్టు దగ్గర ఆదినారాయణప్ప ఆమె ప్రయాణం పటం అడిగి తీసుకున్నాడు. కోలారు నుంచి కచ్ దాకా నల్ల సిరాతో సన్నని, నిబ్బరమైన గీత. బెంగళూరు, హాసన్, సముద్రపు ఒడ్డు, అక్కడినుంచి పైకి. అందమైన పటం.

"అమ్మా, ఇందులో మిట్ట యాడుండాది?"

కుముద పటం వంక చూసింది. హాసన్ దాటాక సముద్రం వైపు ఆమె గీత ఒక్క వణుకు లేకుండా పోతోంది. అక్కడ పడమటి కనుమలు ఉన్నాయి. ఆమెకు తెలుసు. చిన్నప్పుడు పుస్తకంలో చదివింది. కానీ చెయ్యి గీసేటప్పుడు ఆ కొండలు చేతికి తగల్లేదు.

ఎందుకు తగల్లేదో ఆ క్షణాన అర్థమైంది. గని పటాలు రెండు రకాలు. ఒకటి పైనుంచి చూసినట్టు గీసేది. దానిలో ప్రతి సొరంగమూ బల్లమీద పరిచిన దారమే. రెండోది నేలను రొట్టెలాగా నిలువునా కోసి పక్కనుంచి చూసినట్టు గీసేది. లోతులూ ఎత్తులూ అందులోనే కనబడతాయి. ఆ కోత పటాలు కిటికీ పక్క బల్ల మీద మగవాళ్ళు గీసేవారు. ముప్పై ఒక్క ఏళ్ళలో కుముదకు ఒక్కటి కూడా ఇవ్వలేదు. ఆమె చేతికి లోకమంతా చదునుగానే అలవాటైంది.

"ఇంగ చాలు కుముదా" అన్నాడు గుండూరావు, మెత్తగానే. "మాటిచ్చినావు. వచ్చే ఆదివారం టెంపో తెస్తాను."

ఆదివారం టెంపో వచ్చింది. కుముద వాకిట్లో నిలబడి ఉంది. లోపల ఒక్క గిన్నె కూడా మూట కట్టి లేదు.

"మాట తప్పుతాండావా?"

"తప్పుతాండాను అన్నా."

గుండూరావు బిత్తరపోయాడు. మాట తప్పడాన్ని ఇంత నిదానంగా ఒప్పుకునే మనిషిని ఆయన తన వంశంలో చూడలేదు.

"ఘాటు ఎక్కలేనని ఒప్పుకుంటా. ఓడినాను. కానీ కచ్‌కు పోయేదానికి ఘాటే ఎక్కాలని ఎవురు చెప్పినారు? నేను కొండలు లేని దారి ఎతుకుతా."

"ఎవురిని అడుగుతావు? నీ పటంలో కొండలే కనబడవు గదా!"

"రైళ్ళను అడుగుతా. రైలు నాకంటే పిరికిది. నిట్రంగా యాడా ఎక్కదు."

టెంపో ఖాళీగా తిరిగి వెళ్ళింది. డ్రైవరు మట్టుకు సొన్నమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్ళాడు.

ప్రతి రైల్వే స్టేషను పేరు బోర్డు అడుగున ఆ ఊరు సముద్ర మట్టానికి ఎంత ఎత్తున ఉందో చిన్న అంకెల్లో రాసి ఉంటుంది. ఎవరూ చదవని అంకెలవి. కుముద పోస్టాఫీసుకు వెళ్ళి జవాబు కార్డులు తెచ్చింది. బంగారుపేట నుంచి భుజ్ దాకా నలభై ఒక్క స్టేషన్‌మాస్టర్లకు ఒకే వాక్యం రాసింది. అయ్యా, మీ స్టేషను బోర్డు మీద ఉన్న ఎత్తు ఎంతో దయచేసి తెలపండి.

ముప్పై నాలుగు జవాబులు వచ్చాయి. కొన్ని తెలుగులో, కొన్ని ఇంగ్లీషులో, గుజరాతీలో ఒకటి. ఒకాయన అంకె పక్కన, ఈ బోర్డును తాను పదేళ్ళ తరువాత ఈరోజే చదివానని రాశాడు. ఇంకొకాయన, దేనికి కావాలని అడిగి, అంకె మట్టుకు వెయ్యడం మరిచిపోయాడు. వాళ్ళెవరూ ఆమెను ఎందుకు పోతున్నావని అడ్డుకోలేదు. ఆ కార్డులు వచ్చిన రోజుల్లో ఆమె నడకే మారిపోయిందని సొన్నమ్మ చెప్పేది.

కుముద తెల్లకాగితాలు అతికించి, గోడ పొడుగునా పరిచి, జీవితంలో మొదటి కోత పటం గీసింది. కోలారు ఎత్తు నుంచి గీత చింతామణి మీదుగా కదిరికి, అనంతపురానికి మెల్లగా జారింది. గుంతకల్లు, రాయచూరు, షోలాపూరు దాకా ఆవులిస్తున్నట్టు సాగింది. తర్వాత పడమటి కనుమలు గోడలా లేచే చోట ఆమె గీత ఉత్తరానికి తిరిగి ధూలే చేరింది. అక్కడ తపతి నది ఎప్పుడో కొండల మధ్య తానే దారి చేసుకొని సముద్రానికి పోయింది. ఆ నది పక్కనే గీత సూరత్ దాకా దిగింది, ఒక్క ఘాటు లేకుండా. అక్కడినుంచి కచ్ దాకా అంతా చదునే. గీసి కలం పక్కన పెట్టాక, ఎవరినీ అడగకుండా తన దారిన పోయిన ఆ నది మీద ఆమెకు చెల్లెలిమీద కలిగేటంత ప్రేమ కలిగింది.

పటం చూసి ఆదినారాయణప్ప ఇనుప మంచం ఊడబీకాడు. "నులక మంచం చాలమ్మా. బరువు తగ్గితే బండికి ఊపిరి." రేడియేటరు మార్చాడు. డ్రమ్ము సగమే నింపమన్నాడు.

పుష్యమాసంలో, మంచు ఇంకా దిబ్బల మీద ఉండగా, ప్రయాణం కుదిరింది. గుండూరావు వచ్చాడు. ఈసారి టెంపో లేదు, చేతిసంచి ఉంది.

"చింతామణి దాకా వస్తాను. ఆడనుంచి బెంగళూరికి బస్సు ఉండాది."

దారంతా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. మూల గదికి గాలి బాగా వస్తుందన్నాడు. వదిన మంచిదన్నాడు. పంక్చరైతే, జ్వరమొస్తే, దొంగలొస్తే అని ఒక్కొక్కటీ అడిగాడు. కుముద ప్రతిదానికీ ఊఁ అంది, స్టీరింగు మీదనుంచి కన్ను తిప్పలేదు.

చింతామణి బస్టాండు వచ్చినా గుండూరావు దిగలేదు. ఊరు దాటాక రోడ్డు ఒక మిట్ట ఎక్కుతుంది. ఘాటు కాదు, ఎద్దుబండి కూడా ఎక్కే మిట్టే. ఆ మిట్ట ఎక్కడం మొదలుపెట్టగానే ఆయన చెయ్యి చాపి ఆపమన్నాడు.

"ఆఖరిసారి అడుగుతాండాను. రావా?"

"రాను. దిగు అన్నా, బరువు తగ్గాల."

ఆయన దిగాడు. ఆపకూడని చోట ఆపించాడని అప్పుడు ఇద్దరికీ తెలిసింది. మిట్ట మీద ఆగిన బండిని కదిలించడం కష్టం. క్లచ్ వదలగానే ఇల్లు వెనక్కి జారింది, ఒక అడుగు, రెండడుగులు. కుముద ఇంజను గట్టిగా అరిపించింది. అద్దంలో ఆమెకు తెల్లపంచె కనిపించింది. రెండు నెలలు ఆమెను ఆపడానికి తిరిగిన మనిషి సంచి రోడ్డు మీద పడేసి, రెండు చేతులూ రేకు గోడకు ఆనించి, చెప్పులు జారుతుండగా తోస్తున్నాడు.

"అన్నా! పక్కకు జరుగు, కాళ్ళ మీదికొస్తాది!"

"నీవు ముందుకు చూసి తోలవే! ఆపొద్దు! ఆపితే మళ్ళా జారుతాది!"

బండి కదిలింది. తోసినందువల్ల కాదని ఆదినారాయణప్ప అయితే చెప్పేవాడు. కుముద మొదటి గేరులోనే, ఎక్కడా ఆపకుండా, ఎండ తగులుతున్న మిట్ట కొసకు ఎక్కింది. వెనకనుంచి అన్న గొంతు ఇంకా వినిపిస్తోంది, ఏదో తిడుతూనో, జాగ్రత్త చెబుతూనో.

ఆమె గేరు మార్చి కదిరి రోడ్డు పట్టింది.